ఆర్డిస్ కొట్టేసిన రెండు వాక్యాలు

నార్బీ ఊళ్లో ఎవరైనా పోయారని డాక్టరు చెప్పినా, పాస్టరు చెప్పినా ఆ సంగతి సగమే నిజం. బుధవారం వచ్చే పత్రికలో ఆర్డిస్ క్వామీ రాస్తేనే ఆ మనిషి నికరంగా పోయినట్టు. మిన్నెసోటాలో ఈ మూల కౌంటీ రైతులకీ, వాళ్ల ఇల్లాళ్లకీ, స్కూలు మేష్టర్లకీ, ధాన్యం గిడ్డంగి గుమాస్తాలకీ ముప్పై తొమ్మిదేళ్లుగా ఆవిడే ఆఖరి మాట రాస్తోంది. ఇప్పటికి మూడువేల మంది దాటి ఉంటారు. ఒక్కరూ వచ్చి బాగాలేదని ఫిర్యాదు చెయ్యలేదని ఆవిడ మొగుడు డ్యుయేన్ అంటూంటాడు. ఏడాదికి అతను వేసే జోకు అదొక్కటే.

ఇరవై అయిదో ఏట టైపు కొట్టే ఉద్యోగానికి చేరింది ఆర్డిస్. చేరిన రెండో వారంలో, పోయినవాళ్ల గురించి రాసే పెద్దాయన తనే పోయాడు. ఆయన గురించి రాయడానికి ఇంకెవరూ లేక ఆర్డిస్‌తో రాయించారు. "ఈయన ఇరవై ఎనిమిదేళ్లు ఈ పత్రికలో పనిచేశారు. చేపల వేట అంటే ప్రాణం. చేపలు మాత్రం ఎన్నడూ సహకరించలేదు" అని రాసింది. అప్పటి ఎడిటరు చదివి "ఊఁ, పర్లేదు" అన్నాడు. తాతముత్తాతలు నార్వే నుంచి వచ్చి పొలాలు చేసుకుని బతికిన ఈ ఊళ్లో "పర్లేదు" అంటే శాలువా కప్పి, దండ వేసి, ఊరేగించినట్టు. "అంత చెడ్డవాడేం కాదు" అన్నారంటే ఆ మనిషి ఇంచుమించు దేవుడు. పెళ్లయిన కొత్తలో డ్యుయేన్ ఆవిడ వంట తిని "తినొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆర్డిస్ ఇన్నేళ్లూ కాపురం లాక్కొచ్చింది.

ఆవిడ పని పద్ధతి వేరు. ఎవరైనా పోతే ఇంటివాళ్లకి ఫోను చేసి, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు రాసుకున్నాక అసలు ప్రశ్నలు మొదలెడుతుంది. ఆయన ట్రక్కులో ముందు అరలో ఏముండేది? ఏ కూర చూస్తే మొహం ముడుచుకునేవాడు? పేకాటలో దొంగాట ఆడేవాడా? ఇంటివాళ్లు మొదట తెల్లబోతారు. కాస్సేపటికి నవ్వుతారు, ఆ తర్వాత ఏడుస్తారు, ఆ మధ్యలో ఎక్కడో మనిషి దొరుకుతాడు. అలా దొరికిన మనిషిని నూటయాభై మాటల్లో పెట్టి బుధవారం నాడు ఊరికి అప్పగించేది.

ఇలా ఉండగా ఏఐ వచ్చింది. పట్నంలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు అమ్మానాన్నల గురించి దానికి నాలుగు ముక్కలు చెప్పడం, అది నాలుగు పేరాలు కక్కడం, అవి వచ్చి ఆర్డిస్ కంప్యూటర్లో పడటం మొదలైంది. పిల్లల్ని అనడానికేముంది, పోయిన తండ్రి గురించి రాయమంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. యంత్రానికి చేతులే లేవు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

మొదట పడినవాడు గోర్డన్ లుండ్. పందుల వేలంపాటలు నడిపేవాడు. నోరు తెరిస్తే పక్క కౌంటీకి వినపడేది. ఆయన కూతురు పంపింది యథాతథంగా వేశారు, ఆ వారం ఆర్డిస్ పంటి నొప్పితో సెలవులో ఉంది. "గోర్డన్ లుండ్ జీవితం కరుణతో, అచంచల నిబద్ధతతో అల్లుకున్న ఒక వర్ణరంజితమైన నేత. ఆయన కేవలం వేలంపాటదారు మాత్రమే కాదు, ఎందరికో దారి చూపిన దీపస్తంభం" అని అచ్చయింది. మర్నాడు గోర్డన్ అన్న వెర్నన్ ఫోను చేశాడు. కంచె విషయంలో తమ్ముడితో పంతొమ్మిదేళ్లుగా మాటల్లేని మనిషి.

"ఆర్డిస్, ఈ గోర్డన్ లుండ్ ఎవరు? మావాడేనా?"

"మీవాడే వెర్నన్. చాలా బాధగా ఉంది."

"మావాడే అయితే అంత్యక్రియలకి రావాలి. ఈ దీపస్తంభం వేరే ఎవడో అయితే చెప్పు, సోయా కోత సగంలో ఉంది."

ఆ ఏడాది మొత్తం మీద పదకొండు దీపస్తంభాలు ఆరిపోయాయి, సముద్రానికి వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో. పోయిన ప్రతివాళ్లూ అచంచలంగా ప్రేమించారు, చెరగని ముద్ర వేశారు, ఎవరూ కేవలం ఎవరూ కాదు, ఇంకేదో కూడా. నలభై మంది ఆడామగా కలిసి ఒకే మనిషి అయి కూర్చున్నారు. ఆ ఒక్క మనిషినే వారం వారం పాతిపెడుతున్నట్టు ఉండేది ఆర్డిస్‌కి. ఆవిడ భయం ఉద్యోగం గురించి కాదు. ఇంకో ఏడాది ఇలాగే సాగితే ఈ కౌంటీలో మనుషులు పోవడం కూడా మానేస్తారు, పేర్లు మాత్రమే పోతాయి. అది తలుచుకుంటే ఒళ్లు మండిపోయేది.

అందుకని పసుపు కాగితం ఒకటి తీసుకుని జాబితా రాసింది. ఈ మాటలు నా కాలమ్‌లో పడవు, అంతే. దీపస్తంభం, అచంచలం, చెరగని ముద్ర, జీవన ప్రయాణం, వెల్లివిరియు, నిలువెత్తు సాక్ష్యం, కలకాలం ప్రతిధ్వనించు, స్ఫూర్తిప్రదాత. తొమ్మిదోది నేత, నాయకుడు కాదు, మగ్గం మీద నేసే నేత. ఆ కాగితాన్ని ఫైళ్ల బీరువాకి అతికించింది. ఎడిటరు బ్రైస్‌కి అది తెగ నచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఏది చూసినా దాన్ని ఒక కార్యక్రమం చేసెయ్యాలనుకునే రకం.

"ఆర్డిస్, దీన్ని మొదటి పేజీలో వేద్దాం. 'మన మాటలు మనవే' అని పెద్ద అక్షరాలతో."

"వద్దు నాయనా. ఇది నాకోసం రాసుకున్నది."

"మీరు మరీ మొహమాటపడతారు."

వేసేశాడు. జాబితా నలభై మూడు మాటలకి పెరిగింది. ఊరు ఊరంతా దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌లకి అంటించుకుంది. ఇక చూడండి వైభవం. పాస్టరు ఫోను చేసి, ఆదివారం ప్రసంగంలో ఇశ్రాయేలీయుల ప్రయాణం గురించి చెప్పాలి, ప్రయాణం అనొచ్చా, 'వెళ్లడం' అనాలా అని అడిగాడు. చర్చి వంటల పుస్తకం కమిటీ రబర్బ్ అనే పుల్లటి కాడలతో చేసే తమ తీపి బార్ల వర్ణనలో ఏదైనా యంత్రం వాసన వస్తోందేమో చూసి పెట్టమంది. పాత పికప్ అమ్ముకునే రైతు ఒకడు "దృఢమైనది" అని ప్రకటన ఇచ్చి, అంతలోనే భయపడి, "తుప్పు కొంచెమే" అని మార్చుకున్నాడు. ఆర్డిస్ పైకి విసుక్కునేది గానీ లోపల కులుకు లేకపోలేదు. కాఫీ హోటల్లో ఆవిడ వస్తే జనం మాటలు ఆపి, ఒకసారి నెమరేసుకుని, మళ్లీ మొదలెట్టేవారు. చిన్న ఊళ్లో అంతటి అధికారం షెరీఫ్‌కి కూడా లేదు.

అలా రాజ్యమేలుతుండగా, ఏప్రిల్‌లో ఓరిన్ శాండ్విక్ పోయాడు.

ఓరిన్ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు, చలికాలం మంచు తోసే బండి నడిపాడు, ఖాళీ దొరికితే ఎవరి ట్రాక్టరు చెడిపోయినా వెళ్లి దాని కింద దూరాడు. భార్య వర్డెల్‌కి డెబ్భై ఎనిమిది. ఇంట్లో మగ్గం మీద పాతబట్టల పీలికలతో గచ్చు మీద పరుచుకునే పట్టాలు నేస్తుంది. కౌంటీలో ఆవిడ నేసిన పట్టా లేని వంటిల్లు లేదు. మనిషి మాత్రం కోటికి ఒక మాట మాట్లాడదు. అసలే మాటలు తక్కువైన ఈ ఊరివాళ్లే ఆవిడ మాట్లాడదు అన్నారంటే ఏ స్థాయిలో మాట్లాడదో ఊహించుకోండి.

పట్నంలో ఉన్న కొడుకు కర్ట్ నుంచి ఈమెయిలు వచ్చింది. విప్పగానే ఆర్డిస్ కళ్లు మెరిశాయి. ఎర్ర పెన్సిలు అందుకుంది. దాంట్లో పద్నాలుగు నిషేధపు మాటలున్నాయి. "వారి యాభై మూడేళ్ల దాంపత్యం అచంచలమైన ప్రేమతో అల్లుకున్న వర్ణరంజితమైన నేత, అందులో పడుగు ఆయన, పేక ఆమె" అనే చోటికి రాగానే నవ్వాపుకోలేక బ్రైస్‌ని పిలిచింది.

"ఇలా రా, ఇది చూడు. ఇన్నాళ్లూ ఒట్టి నేత ఒక్కటే ఉండేది. ఇప్పుడు మగ్గం కూడా మోసుకొచ్చింది."

"పడుగు, పేక అంటే ఏంటి?"

"నిలువు దారాలు, అడ్డ దారాలు. ఏఐ గారు నేత నేర్చుకున్నారు, ముచ్చటేస్తోంది."

ఆ వాక్యం మొత్తం అడ్డంగా కొట్టేసింది. ముప్పై తొమ్మిదేళ్లలో ఇంత సంతోషంగా పెన్సిలు లాగిన గీత ఇంకోటి లేదు. మిగిలిన దాన్ని తన పద్ధతిలో తిరగ రాసింది. బస్సులో పిల్లలు అల్లరి చేస్తే ఓరిన్ బండి ఆపేసి, నోరు తెరవకుండా కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చునేవాడనీ, పిల్లలే భయపడి సద్దుమణిగేవారనీ రాసింది. బాగా వచ్చింది. అచ్చుకిచ్చే ముందు ఎప్పటిలాగే ఇంటికి ఫోను చేసి చదివి వినిపించింది.

ఇక్కడొక పద్ధతుంది. ఇంటికొచ్చినవాళ్లని కాఫీ తాగుతారా అంటే వద్దంటారు. రెండోసారి అడిగితే మీకెందుకు శ్రమ అంటారు. మూడోసారి అడిగితే, సరే అరకప్పు అని రెండు కప్పులు తాగుతారు. ఒకసారి అడిగి ఊరుకున్నవాళ్లు అసలు అడగనట్టే. మనసులో ఉన్నది తిన్నగా చెప్పడం ఇక్కడ ఎవరి ఇంటా వంటా లేదు, పక్కదారిలో వెళ్లి తలుపు గీకుతారు, అవతలివాళ్లు తెరవాలి. ఇవన్నీ ఆర్డిస్‌కి ఉగ్గుపాలతో వచ్చినవే. ఆ రోజు మాత్రం గెలిచిన ఊపులో ఉంది.

చదవడం అయ్యాక అటునుంచి కుర్చీ జరిపిన చప్పుడు, వంటింట్లోకి నడిచిన చప్పుడు వినపడ్డాయి.

"బాగుంది" అంది వర్డెల్ చివరికి. "ఆ ఆవుల సంగతి నిజమే. ఈ వారం పేపర్లో చోటు తక్కువగా ఉందా, ఆర్డిస్?"

"లేదండీ, కావలసినంత ఉంది. ఏం?"

"ఏం లేదు. ఊరికే."

"ఏమైనా కలపాలా?"

"వద్దులే. ఇవన్నీ నీకు తెలిసినంత ఎవరికి తెలుసు."

"సరే అయితే, శనివారం కలుద్దాం" అని ఆర్డిస్ పెట్టేసింది.

శనివారం చర్చిలో పాస్టరు ఆ పత్రిక ముక్కే చదివాడు. ఆవుల దగ్గర జనం నవ్వారు. వెనక వరసలో ఎవరో "పర్లేదు" అనడం కూడా ఆర్డిస్ చెవిన పడింది. ప్రార్థన అయ్యాక అందరూ కింద నేలమాళిగకి దిగారు. ఒకపక్క బంగాళాదుంపల హాట్‌డిష్ ట్రేలు, పందిమాంసం శాండ్విచ్‌లు, అడుగు కనపడేంత పల్చటి కాఫీ. ఇంకోపక్క బల్ల మీద ఓరిన్ వస్తువులు పెట్టారు. టోపీ, బస్సు తాళాలు, పెళ్లి ఫొటో. వాటి పక్కన సగం నేసిన పట్టా ఒకటి, ఓరిన్ నీలం చొక్కాల పీలికలతో నేస్తున్నది, మగ్గం మీంచి దించి చివర్లు ముడేసింది. పట్టా మీద ఒక కాగితం ఉంది. విత్తనాల కంపెనీ క్యాలెండర్ షీటు వెనకవైపు, పెన్సిలుతో రాసింది. చెరిపి రాసి, చెరిపి రాసి, ఒకచోట కాగితం చిరిగింది కూడా.

"ఓరిన్ యాభై మూడేళ్లు నా భర్త. మంచివాడే. మా కాపురం ఒక నేత. పడుగు ఆయన, పేక నేను."

ఆర్డిస్ రెండోసారి చదివింది. చేతిలో శాండ్విచ్ ప్లేటు బల్ల మీద పెట్టేసింది. కర్ట్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మ రాసిందండీ. నాలుగు రోజులు కూర్చుని రాసింది. మరీ చిన్నగా ఉందని నేనే ఏఐకిచ్చి కాస్త పెద్దది చేయించాను. మీరు మొత్తం సరిచేశారులెండి, థాంక్స్."

ఆర్డిస్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పద్నాలుగు మాటలు కొట్టేసింది. పదమూడు యంత్రానివి. పద్నాలుగోది జన్మలో ఒక్క పెద్దమాట వాడని మనిషి, పెన్సిలు కొరుక్కుంటూ, మొగుడి కోసం నాలుగు రోజులు వెతుక్కుని తెచ్చుకున్నది. మగ్గం మోసుకొచ్చిందని తను పకపకా నవ్వింది. మగ్గం వర్డెల్ ఇంట్లోనే ఉంది, నలభై ఏళ్లుగా, కౌంటీ అంతటికీ తెలుసు, తనకీ తెలుసు. ఆవిడ చోటు తక్కువగా ఉందా అని అడిగింది. ఒక్కసారి అడిగి ఫోను పెట్టేసింది తను.

వర్డెల్ వంటగదిలో ఉంది. మొగుడి అంత్యక్రియల రోజున కూడా ప్లేట్లు కడుగుతోంది. చర్చి ఆడవాళ్లు ఇద్దరు ఆవిణ్ణి సింకు దగ్గర్నుంచి లాగలేక పక్కన నిలబడి తుడుస్తున్నారు. ఆర్డిస్ వాళ్ల చేతిలోంచి తువ్వాలు తీసుకుంది.

"వర్డెల్ గారూ, ఆ కాగితం ఇప్పుడే చూశాను. అది మీరు రాసింది. నేను కొట్టేశాను."

"పోన్లే. పెద్ద విషయం కాదు."

"ఫోన్లో ఎందుకు చెప్పలేదండీ?"

వర్డెల్ ఒక ప్లేటు కడిగి, నీళ్లు వంచి, ఇచ్చింది. "నువ్వు చదువుతుంటే ఆ ముక్క రాలేదు. అప్పుడు ఫ్రిజ్ మీదున్న నీ జాబితా చూశాను. ఉంది, తొమ్మిదోది. సిగ్గేసింది. ఎక్కడో టీవీలో విని రాసేశానేమో అనుకున్నా. నాదనుకున్నాను గానీ నాది కాదేమో."

"మీదే."

"ఏమో మరి. జాబితాలో ఉందిగా."

ముప్పై తొమ్మిదేళ్ల పనికి దక్కిన ఫలం ఇదీ అనుకుంది ఆర్డిస్. మనుషుల మాట మనుషులకి మిగల్చాలని బయల్దేరి, ఉన్న ఒక్క మాటా ఒక మనిషి చేతిలోంచి లాక్కుంది. యంత్రం కూడా ఇంత పని చెయ్యలేదు. అది కాస్త ఎక్కువ కలిపిందే గానీ, ఆవిడది తీసెయ్యలేదు.

"వచ్చే వారం సవరణ వేస్తాను."

"అయ్యో, వద్దు."

"వేస్తానండీ."

"నీకెందుకు శ్రమ. ఇంత చిన్నదానికి."

"వర్డెల్ గారూ, నేను వేస్తాను."

వర్డెల్ ఇంకో ప్లేటు కడిగి ఇచ్చింది. "సరే. చిన్నదిగా వెయ్యి."

సోమవారం బ్రైస్ తల పట్టుకున్నాడు. "సవరణ అంటే తప్పు రాస్తే వేసేది కదా. మనం తప్పేం రాశాం?"

"రాయాల్సింది రాయలేదు."

"కానీ ఆ మాట మన జాబితాలో ఉంది! మనం నిషేధించిన మాట మనమే వేస్తే జనం ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. అనుకున్నా పైకి అనరు, నువ్వు ఈ ఊరివాడివేగా, ఆమాత్రం తెలీదూ?"

"పోనీ ఏడో పేజీలో వేద్దాం, ట్రాక్టరు ప్రకటన కింద."

ఆర్డిస్ కళ్లజోడు పైనుంచి చూసింది. ఇరవై తొమ్మిదేళ్లవాడికి ఆ చూపు చాలు. సవరణ ఆవిడ కాలమ్ నెత్తి మీద, చుట్టూ గీతలు గీసి మరీ పడింది.

"గతవారం ఓరిన్ శాండ్విక్ గురించి రాసినదాంట్లోంచి ఆయన భార్య వర్డెల్ రాసిన రెండు వాక్యాలు కొట్టేశాను. యంత్రం రాసిందనుకున్నాను. కనుక్కోలేదు. ఆ వాక్యాలివి: మా కాపురం ఒక నేత. పడుగు ఆయన, పేక నేను. తప్పు నాది. ఆర్డిస్ క్వామీ."

ఆ తర్వాత బీరువా మీది పసుపు కాగితం ఊడదీసి సొరుగులో పెట్టింది. చింపలేదు, అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఫ్రిజ్‌ల మీద ఉన్నవి మాత్రం ఆవిడ చేతిలో లేవు. ఆ వారం కూడా ఒకాయన తన కోళ్ల ప్రకటన తెచ్చి, "ఆరోగ్యకరమైనవి" అనొచ్చా అని గొంతు తగ్గించి అడిగాడు. అనుకోండి బాబూ, కోళ్లు మీవే కదా అంది.

గురువారం పొద్దున్న వర్డెల్ ఆఫీసుకొచ్చింది. చేతిలో రబర్బ్ బార్ల ట్రే, కత్తిరించిన పత్రిక ముక్క. ఆర్డిస్ లేచి కుర్చీ జరిపింది. వర్డెల్ కోటు విప్పకుండానే అంచు మీద కూర్చుంది. చాలాసేపు ట్రే మూత సర్దింది.

"బాగా వేశావు. చుట్టూ గీతలు కూడా గీశావు."

"అలాగే వెయ్యాలండీ."

"ఒక సంగతి చెప్పాలి. నిన్నట్నుంచి మనసు పీకుతోంది." వర్డెల్ ఆ ముక్కని బల్ల మీద పెట్టి వేలితో చదును చేసింది. "నేనే తప్పు రాశాను, ఆర్డిస్."

"ఏది తప్పు?"

"పడుగు కదలదు. మగ్గం మీద బిగించి ఉంటుంది, ఉన్నచోటే. పేకే అటూ ఇటూ తిరిగేది. ఓరిన్ ఏనాడు ఒకచోట ఉన్నాడు? బస్సంటాడు, మంచు బండంటాడు, ఎవడి ట్రాక్టరో అంటాడు. అన్నం వేళకి ఊళ్లో మూడిళ్లకి ఫోను చేస్తే గానీ దొరికేవాడు కాదు. ఇంట్లో బిగించి ఉన్నదాన్ని నేను. పడుగు నేనే."

"అయితే..." ఆర్డిస్ చెయ్యి దానంతటదే పెన్సిలు వైపు వెళ్లింది. "దిద్దమంటారా?"

"ముందు సరిగ్గానే రాశాను. పడుగు నేను, ఆయన పేక అని. చూస్తే బాగాలేదు, ఉన్నదాన్ని నేను, ఆయన లేడాయె. చెరిపేసి, కదలకుండా ఉండేదాని చోట ఆయన్నే ఉంచాను." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, అవి కారిపోతుంటే కారనిచ్చింది. "అలా చెరిపి రాసేటప్పుడే కాగితం చిరిగింది."

ఆర్డిస్ పెన్సిలు వదిలేసింది.

"దిద్దకు" అంది వర్డెల్. "అబద్ధమని నాకు తెలుసు. ఆయనుంటే ఆయనకీ తెలిసేది. కానీ అలాగే ఉండనీ."